పెద్దాయన పాదం

పోయినవారం మనం డాక్టర్ సెలోటిని ఫునాఫుటి దీవి విమానాల బాట అంచున, సీమపనస చెట్టు నీడలో పరిచిన చాప మీద వదిలి వచ్చాం. అతని చుట్టూ ఆరుగురు. అతనితో కలిపి ఏడుగురు. వేళ్లు ఎన్నిసార్లు మడిచి చూసినా ఏడు ఏడుగానే ఉంటోంది తప్ప ఎనిమిది కావడం లేదు.

తువాలు అనే ఈ చిన్న దీవుల దేశం పార్లమెంటులో మొత్తం పదిహేనుమంది. శుక్రవారం ఉదయం పదింటికి వాళ్లంతా ఒకచోట చేరి, రహస్యంగా ఓటేసి ప్రధానమంత్రిని ఎన్నుకోవాలి. ఒకవైపు సెలోటి. ఇరవై ఆరేళ్లు ఆస్పత్రిలో కత్తి పట్టినవాడు. బయటి దీవుల రోగుల కోసం ప్రత్యేకంగా ఒక పడవ కావాలని పన్నెండేళ్లు అడిగి, ఇక అడిగే ఓపిక లేక, తెల్లకోటు విప్పి ఎన్నికల్లో నిలబడ్డవాడు. మరోవైపు లెమానా. దేశమంతా 'పెద్దాయన' అని పిలిచే మనిషి. పదకొండేళ్లుగా ప్రధాని. పడవ సంగతి ఎత్తిన ప్రతిసారీ "చూద్దాం" అన్నది ఆయనే. ఆయనతో కలిపి ఆ పక్కన ఎనిమిదిమంది.

గురువారం పొద్దు బాగా ఎక్కింది. చాప మీద ఉన్నవాళ్లు అప్పటికి మాటలు కూడా మానేసి విసనకర్రలు ఊపుకుంటున్నారు. అప్పుడు నర్సు వలీసీ మోటార్ సైకిల్ మీద వచ్చి, ఇంజను ఆపకుండానే పిలిచింది.

"డాక్టర్‌గారూ, మీరొకసారి ఆస్పత్రికి రావాలి."

ఇరవై ఏళ్లు ఆపరేషన్ గదిలో అతనికి కత్తెరలు అందించిన మనిషి ఆమె. అనవసరంగా పిలవదు.

"నేనిప్పుడు డాక్టర్ని కాదు వలీసీ. రాజీనామా ఇచ్చి నాలుగు నెలలైంది. ఫెలెతి ఉన్నాడుగా?"

"ఫెలెతి డాక్టరు ఓడలో నానుమేయా దీవికి వెళ్లారు. ఆదివారానికి గానీ రారు. ఉన్న ఇద్దరు పిల్ల డాక్టర్లూ చూసి, తలుపు మూసి, మిమ్మల్ని తీసుకురమ్మన్నారు."

"ఎవరికట?"

వలీసీ చాప మీద ఉన్న ఆరుగురి వంకా చూసింది. దిగి వచ్చి, వంగి, అతని చెవిలో ఒక్క పేరు చెప్పింది.

సెలోటి లేచి, పంచె దులుపుకుని, మిగిలినవాళ్లతో ఏమీ చెప్పకుండా ఆమె వెనక బండెక్కాడు. దారి పొడవునా అతన్ని తొలిచింది ఒక్కటే ప్రశ్న. దేశంలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా తన దగ్గరికి రావచ్చు. ఈ మనిషి, ఈ రోజు, ఎందుకొచ్చాడు?

*

లెమానా మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తెల్లజుట్టు. సభకు బయల్దేరుతూ దారిలో ఆగినట్టున్నాడు. ఎడమ పాదానికి మాత్రం ఒక పూల గుడ్డ చుట్టి ఉంది. పక్కన ఆయన భార్య సినా విసనకర్రతో ఆ పాదం మీద ఈగలు వాలకుండా చూస్తోంది.

"రావయ్యా సెలోటీ," అన్నాడు లెమానా. "పగడపు రాయి గీసుకుంది. కట్టు కట్టి, రెండు బిళ్లలిచ్చి పంపెయ్. రేపు పొద్దున నాకు పనుంది. నీకూ ఉందనుకుంటా."

సెలోటి స్టూలు లాక్కుని కూర్చుని గుడ్డ విప్పాడు. చివరి మడత విప్పకముందే వాసన గదంతా నిండింది. చిన్నవేలూ దాని పక్క వేలూ నల్లబడి, ముడుచుకుపోయి ఉన్నాయి. పాదం పైభాగం ఉబ్బి నిగనిగలాడుతోంది. ఎర్రటి చార ఒకటి చీలమండ దాటి పిక్క మీదికి ఎక్కుతోంది.

"ఎన్నాళ్లైంది?"

"నిన్నటి నుంచి."

"నిన్నట," అంది సినా, విసరడం ఆపకుండా. "ఇరవై రోజులు బాబూ. తొమ్మిది రాత్రులుగా దోమతెరలో ఇదే వాసన. ఏంటిది అంటే ఎక్కడో చేప కుళ్లిందంటాడు. దోమతెరలోకి చేప నడిచొస్తుందా?"

"నువ్వు ఊరుకో," అన్నాడు లెమానా, కోపం లేకుండా.

సెలోటి బొటనవేలితో ఆ ఉబ్బు మీద మెల్లగా నొక్కాడు. చర్మం కింద ఎండిన కొబ్బరాకు నలిగినట్టు సన్నగా చిటపటమంది. ఆ చప్పుడుకు అర్థం తెలియని డాక్టరు ఉండడు. కండలోకి గాలి పట్టింది. విషం పాకుతోంది. ఒళ్లు కాలుతోంది. చక్కెర ఎంతుందో చెప్పలేక యంత్రం చేతులెత్తేసింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ చిటపట విన్న మొదటి క్షణంలో సెలోటి గుండెలో ఏదో తేలికపడింది. పెద్దాయన రేపు సభలో కూర్చోలేడు. అభ్యర్థి సభలో లేకపోతే అతని పేరుకు ఓటు లేదు. ఆయన లేకపోతే ఆ మిగిలిన ఏడుగురూ ఒక తాటి మీద నిలవరు. వాళ్లలో ముగ్గురికి ప్రధాని కావాలని ఉంది, మిగతా నలుగురికీ ఆ ముగ్గురిలో ఒక్కడూ నచ్చడు. ఏడు చాలు, అంది మనసు. అడక్కుండానే, దానంతట అదే అంది. రెండో క్షణంలో సెలోటికి తన మీద తనకే రోత పుట్టింది. చెయ్యి కడుక్కోవడానికి లేచి, కుళాయి దగ్గర అవసరమైనదానికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు.

తిరిగొచ్చి అన్నాడు: "పెద్దాయనా, ఈ రోజే కొయ్యాలి. ఆ రెండు వేళ్లూ పోయినట్టే. పాదం తెరిచి కడిగితే కాలు దక్కుతుంది."

"రేపు మధ్యాహ్నం కొయ్యి. పదింటికి ఓటు. పదకొండింటికి ప్రమాణం. పన్నెండింటికి నీ బల్ల మీద ఉంటా. నడుం దాకా కోసుకో."

"రేపు మధ్యాహ్నానికైతే మోకాలి పైన కొయ్యాలి. అదీ అప్పటికి మీకు తెలివి ఉంటే."

"నువ్వు ఇలాగే అంటావని నాకు తెలుసు."

"ఎలాగ?"

"నీ చోట నేనున్నా ఇదే అందును."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఎదుటివాడు పాచిక ఎలా వేస్తాడో చూద్దామన్న ఆసక్తి ఉంది, అంతే. సెలోటికి కూడా అలాంటి ఆసక్తే పుట్టింది.

"తెలిసి తెలిసి ఎందుకొచ్చారు మరి?"

"ఈ ఊళ్లో కత్తి పట్టేవాడు ఇంకెవడున్నాడయ్యా?"

జవాబు చప్పున వచ్చింది. మరీ చప్పున. "నిన్నటి నుంచే" అని చెప్పే రోగుల్ని ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నవాడు సెలోటి. ఇదీ ఇంటి దగ్గరే తయారుచేసి మూటగట్టి తెచ్చిన జవాబని పోల్చుకున్నాడు. కానీ మూట విప్పే తీరిక లేదు. బయట వరండాలో గొంతులు లేస్తున్నాయి.

*

వరండాలో అరవైమంది దాకా చేరారు. సగంమంది చాపలు కూడా తెచ్చుకున్నారు. మధ్యలో నిలబడి మాట్లాడుతున్నవాడు ఎటిమోనీ, చేపల శాఖ మంత్రి. పెద్దాయనకు కుడిభుజం అంటారు. పొద్దున ఆయన్ని తన బండి వెనక కూర్చోబెట్టుకుని తెచ్చింది అతనే.

"అందరూ వినండి," అంటున్నాడు ఎటిమోనీ. అతనిది చర్చిలో పాట ఎత్తుకునే గొంతు, కట్టె కొట్టినట్టు స్పష్టంగా వినిపిస్తుంది. "రేపు ఓటు. ఇవాళ మన నాయకుడి కాలు కోస్తారట. ఎవరు కోస్తారు? రేపు ఆయన మీద నిలబడే మనిషి. సొరచేపను పిలిచి పుండు కడగమన్నట్టుంది."

కొందరు నవ్వారు. కొందరు నేల చూశారు.

"నా ముగ్గురు కూతుళ్లకీ ఇతనే పురుడు పోశాడు," అంది గోడకానుకుని కూర్చున్న ఒక ముసలావిడ.

"అప్పుడు ఇతను ఓట్లకు నిలబడలేదుగా పిన్నీ," అన్నారెవరో వెనక నుంచి.

ఎటిమోనీ అన్న సొరచేప మాట సెలోటికి తగల్లేదు. ఈ మాట తగిలింది. నాలుగు నెలల కింద అయితే అతను "కొయ్యాలి" అంటే చాలు, వేరే మాట ఉండేది కాదు. జనం తన చేతుల్ని చూసేవాళ్లు. ఇప్పుడు ముఖం చూస్తున్నారు, లోపల ఏముందోనని.

"లోపలికి రా ఎటిమోనీ," అన్నాడు.

"నేనెందుకు?"

"కళ్లారా చూడు. ఇద్దరు పిల్ల డాక్టర్లున్నారు, వాళ్లనీ అడుగు. చూసి బయటికొచ్చి, చూసింది చూసినట్టు నీ నోటితోనే వీళ్లకు చెప్పు."

జనం ఎటిమోనీ వైపు తిరిగారు. ఇక వెళ్లక తప్పలేదు. వెళ్లినవాడు వెళ్లినట్టే వచ్చాడు, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"నేను డాక్టర్ని కాను," అన్నాడు.

"ముక్కుందిగా," అంది సినా. ఆమె అతని వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. పొట్టి మనిషి. గుమ్మంలో సగం కూడా నిండలేదు. కానీ ఆమె నోరు విప్పేసరికి విసనకర్రలు ఆగాయి.

"నలభై నాలుగేళ్లు ఆ మనిషి పక్కన పడుకున్నాను. తొమ్మిది రాత్రులుగా చచ్చిన కాలు పక్కన పడుకుంటున్నాను. పొద్దున చీకటితో ఎటిమోనీ ఇంటికెళ్లి, అయ్యా, ఈయన నా మాట వినడు, నువ్వైనా చెప్పు అన్నాను. మీ ఓట్లు మీరు తర్వాత లెక్కపెట్టుకోండి. ముందు నాకు ఆయన కాలి వేళ్లు ఎన్ని మిగుల్తాయో తేలాలి." సెలోటి వైపు తిరిగింది. "కొయ్యి బాబూ. ఆయన వేలిముద్ర వెయ్యనంటే నేను వేస్తా."

"నా వేలు ఇంకా బాగానే ఉంది," లోపలి నుంచి లెమానా గొంతు వినిపించింది. "కాగితం తెండి."

వరండాలో నవ్వులు లేచాయి. ఎటిమోనీ కూడా నవ్వాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా.

*

సెలైను ఎక్కించి, ఇన్సులిన్ ఇచ్చి, ఒళ్లు కత్తికి తట్టుకునే స్థితికి తేవడానికి రెండు గంటలు పట్టింది. ఆ మధ్యలో సెలోటి నర్సుల గదిలో బల్ల ముందు కూర్చుని, పోటీదారుల పేర్లు తీసుకుని ఎన్నిక జరిపించే గవర్నర్ జనరల్‌కు ఉత్తరం రాశాడు. లెమానాగారికి అత్యవసరంగా శస్త్రచికిత్స చెయ్యాల్సి వచ్చింది, నాలుగు రోజుల్లో ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని సభకు రాగలరు, అందువల్ల ప్రధాని ఎన్నికను మంగళవారానికి వాయిదా వెయ్యవలసిందిగా ప్రార్థన. సంతకం కింద డాక్టర్ అని రాయాలా, సభ్యుడు అని రాయాలా అని ఒక్క క్షణం ఆగాడు. రెండూ రాశాడు.

వలీసీ భుజం మీదుగా చదివింది.

"కొయ్యండి. అది మీ పని," అంది. "ఈ ఉత్తరం ఎవరి పని?"

"ఇదీ నాదే."

"మా అన్న నాలుగు నెలలు చేపల వేట మానుకుని మీ కోసం ఇల్లిల్లూ తిరిగాడు. మంగళవారానికి వాళ్లు ఎనిమిదిమందీ మళ్లీ ఒక్కటవుతారు. మా అన్నకేం చెప్పమంటారు?"

"నిజం చెప్పు."

"నిజం చెబితే తంతాడు."

"నన్నా, నిన్నా?"

"ముందు నన్ను. దగ్గర్లో ఉంటాను కాబట్టి."

సెలోటికి నవ్వొచ్చింది, కానీ కలం పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. "రేపు నేను గెలిస్తే ఈ కాలు కోసి గెలిచానంటారు వలీసీ. అనుకోనీ, నాకేం? కానీ ఆ తర్వాత నుకులైలై దీవిలోనో, నియుతావో దీవిలోనో ఒక ముసలావిడకు పుండు లేస్తే, డాక్టరు కొయ్యాలంటాడు. ఆమె, ఏమో, ఇతనికి దీన్లో ఏం లాభముందో అనుకుంటుంది. నేను తెచ్చిన పడవ రేవులో ఖాళీగా నిలబడుతుంది. అప్పుడు నేను గెలిచి ఏం చేసుకోను?"

వలీసీ ఉత్తరాన్ని మడిచి కవరులో పెట్టింది. "తడి చేత్తో అంటించకండి, సిరా కారుతుంది," అని దాన్ని తానే అంటించి, ఆస్పత్రి డ్రైవరుకు ఇచ్చి పంపింది. ఒప్పుకుందో లేదో చెప్పలేదు.

*

మూడింటికి మొదలుపెట్టారు. ఒళ్లంతా మత్తు ఇచ్చేంత బలం ఆయన గుండెకు లేదు. మోకాలి వెనక నరానికి మాత్రం సూదులు వేసి కాలిని మొద్దుబార్చాడు సెలోటి. నడుం దగ్గర ఆకుపచ్చ గుడ్డ అడ్డంగా కట్టారు. గుడ్డకు అవతల లెమానా తలా, భుజాలూ. ఇవతల పాదమూ, సెలోటీ, వలీసీ. పిల్ల డాక్టర్లిద్దరూ తలాపున నిలబడి నాడి చూస్తున్నారు.

"నొప్పుందా పెద్దాయనా?"

"లేదు. ఎవరి కాలో కోస్తున్నట్టుంది. మాట్లాడొచ్చా?"

"మాట్లాడండి. మీరు మాట్లాడుతున్నంతసేపూ ఊపిరి బాగానే ఉందని నాకు తెలుస్తుంది."

"పిల్లల్ని కాసేపు బయటికి పంపు మరి."

సెలోటి నాడి లెక్క అడిగాడు. ఫరవాలేదు. వాళ్లను తలుపు అవతలే నిలబడమన్నాడు. వలీసీ మాత్రం కదల్లేదు. ఆమెను పంపమని లెమానా కూడా అడగలేదు. పాదం మీద మొదటి గాటు పడింది. కంపు గుప్పుమంది. వలీసీ తల పక్కకు తిప్పుకుని మళ్లీ ఇటు తిరిగింది.

"నువ్వు అడిగావుగా, తెలిసి తెలిసి ఎందుకొచ్చారని," అన్నాడు గుడ్డ అవతలి గొంతు. "చెబుతా. నాకు ఎనిమిది ఓట్లు లేవు సెలోటీ. ఆరే ఉన్నాయి."

సెలోటి చెయ్యి ఆగలేదు. కానీ చెవులు రిక్కించాడు.

"రెండు వారాల కింద మా ఇంట్లో విందు చేశాను. నలభై ఏళ్లుగా మనుషులు తినడం చూస్తున్నానయ్యా. కోపమున్నవాడు తక్కువ తింటాడు. భయమున్నవాడు గబగబా తింటాడు. చెయ్యి జారిపోయినవాడు వంటను మెచ్చుకుంటాడు. ఆ రోజు ఇద్దరు సినా చేమదుంప తురిమి చేసిన ఫెకెయిని మూడేసిసార్లు మెచ్చుకున్నారు. సినా ఫెకెయిని పుట్టి బుద్ధెరిగి ఎవరూ మెచ్చుకోలేదు. కొబ్బరిపాలు ఎప్పుడూ విరగ్గొడుతుంది."

వలీసీ ముక్కుకు కట్టిన గుడ్డ కదిలింది, నవ్వాపుకున్నట్టు.

"అంటే రేపు నేను ఓడిపోతాను. సభలో ఓడితే ఓడిన ముసలాణ్ని, అంతటితో సరి. అదే నీ బల్ల మీద పడుకుని ఉండగా ఓడిపోయాననుకో, అప్పుడు నువ్వు దొంగవి. నాలుగేళ్లూ దొంగవే. నువ్వు పడవ తెచ్చినా దొంగ పడవే. ఆ తర్వాత ఎన్నికలకు నేను కుంటుకుంటూ వచ్చినా చాలు. చేప పడాలంటే ఎర వెయ్యాలి. నా దగ్గర కుళ్లిన వేళ్లే ఉన్నాయి, అవే వేశాను."

ఎముక కత్తెర ఒకసారి పలికింది. వలీసీ పట్టుకున్న పళ్లెంలో ఏదో పడింది.

"ఒకటి," అన్నాడు సెలోటి. ఆ పాదాన్ని చూస్తుంటే అతనికి కోపం రావాలి. రాలేదు. చావును మూడు వారాలు పాదానికి కట్టుకుని, దాన్ని ఏ రోజు విప్పితే లాభమో లెక్కవేసుకుంటూ తిరిగిన ఈ మనిషి లోపల ఏముంటుందా అనిపించింది. ఏ పుస్తకంలోనూ చదవని జబ్బును చూసినట్టు. "మీ ఎర నేను మింగలేదు పెద్దాయనా. ఓటును మంగళవారానికి వాయిదా వెయ్యమని మధ్యాహ్నమే రాసి పంపాను. మీరు కుర్చీలో వచ్చి కూర్చోవచ్చు."

సెలోటి తల ఎత్తి గుడ్డ అవతలికి తొంగిచూడబోయాడు. అప్పుడు వినిపించింది నవ్వు. మొదట సన్నగా, తర్వాత బల్ల కదిలేంతగా.

"కదలకండి."

"నువ్వు రాజకీయాలకు పనికిరావయ్యా."

"ఆ ముక్క ప్రతి సభలోనూ చెప్పారుగా."

"అప్పుడు అబద్ధమనుకునే చెప్పాను."

కత్తెర రెండోసారి పలికింది. సెలోటి పాదాన్ని తెరిచి, లోపల పట్టిన చీమునంతా కడగడం మొదలుపెట్టాడు. నీళ్లు ఎర్రగా పోతున్నాయి. ఎరుపు మంచిది. లోపల ఇంకా ప్రాణముందన్నమాట.

"పోనీలే, ఇంత చేశావు, నిజం చెప్పు," అన్నాడు లెమానా. "ఆ ఇద్దరికీ నువ్వు ఏమిస్తానన్నావు?"

"ఏ ఇద్దరికి?"

"నా దగ్గర్నుంచి నీ దగ్గరికొచ్చినవాళ్లకి."

"నా దగ్గరికి ఎవరూ రాలేదు."

"ఇప్పుడు కూడా దాస్తావేం?"

"పెద్దాయనా, ఈ పొద్దున చాప మీద మేం ఏడుగురం కూర్చుని ఏడే లెక్కపెట్టుకున్నాం. ఎనిమిదోవాడి కోసం చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. మీ పాదం చేతిలో పెట్టుకుని మీతో అబద్ధమాడను."

లెమానా మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో నవ్వు లేదు.

"మరి వాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లినట్టు?"

సెలోటికీ అదే తెలుసుకోవాలనిపించింది. "ఒకటి అడుగుతాను. ఈ రోజే వచ్చి కాలు చూపించాలని మీకు మీరే అనుకున్నారా?"

"నేను ఓటయ్యాకే వద్దామనుకున్నాను. పొద్దున ఎటిమోనీ వచ్చి, కాలు చూసి, ఇప్పుడే వెళ్దాం, ఓటుకు ముందు అతని చేతే కోయించుకుంటే జనం మన వైపు ఉంటారన్నాడు. బాగుందనిపించింది. అయితే పద అంటే, పదకొండు దాకా ఆగండి, జనం చేరాలి కదా అన్నాడు. నా పేరు ఇచ్చే కాగితం తీసుకుని తను వెళ్లి..." ఆ మాట అక్కడే ఆగిపోయింది.

సినా చీకటితో ఎటిమోనీ ఇంటికి వెళ్లింది. పదకొండింటికి గానీ పెద్దాయన ఆస్పత్రికి చేరలేదు. ఇలాంటి పాదానికి ఒక్కో గంటా ఒక్కో వేలుతో సమానమని పిల్ల డాక్టర్లకు కూడా తెలుసు. ఎటిమోనీకి తెలియదని ఎలా అనుకోవడం?

తలుపు మీద చప్పుడైంది. పిల్ల డాక్టర్లలో ఒకమ్మాయి తల లోపల పెట్టింది. "గవర్నర్ జనరల్ దగ్గర్నుంచి జవాబు."

సెలోటి చేతులకు నెత్తురు. ఆ అమ్మాయే కవరు చించి, కాగితం విప్పి అతని కళ్ల ముందు పట్టుకుంది. వలీసీ కూడా మెడ చాచింది.

పొడి మాటలు, నాలుగే వరుసలు. డాక్టరుగారి ఉత్తరం అందింది. లెమానాగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాము. అయితే ప్రధాని పదవికి లెమానాగారి పేరు ఈ కార్యాలయానికి అందలేదు. వారి పక్షం తరఫున ఈ ఉదయం ఎనిమిది గంటలకు శ్రీ ఎటిమోనీ స్వయంగా వచ్చి, ఇద్దరు సభ్యుల సంతకాలతో తన పేరు ఇచ్చి వెళ్లారు. కనుక వాయిదాకు కారణం కనిపించడం లేదు. ఎన్నిక రేపు ఉదయం పదింటికే.

గాయంలో గుడ్డ దూరుస్తున్న సెలోటి వేళ్లు ఎక్కడివక్కడ ఉండిపోయాయి.

"ఏమంటాడు గవర్నర్ జనరల్?" అన్నాడు లెమానా.

సెలోటి నాడి యంత్రం వైపు చూశాడు. నూట పన్నెండు. ఇంతకు ముందు తొంభై ఆరు. ఈ గుండె ఇంకెంత మోయగలదు?

"కట్టు అయిపోవచ్చింది పెద్దాయనా."

"నీ చేతులు ఆగాయి."

"మీ కాలికి స్పర్శ లేదు. మీకెలా తెలిసింది?"

"నీళ్ల చప్పుడు లేదు, కత్తెర చప్పుడు లేదు. కబురు నీకు చెడ్డదైతే నీ చెయ్యి ఆగదు, ఆ మాత్రం నిన్ను ఎరుగుదును. కాబట్టి అది నాకే. చదువు."

వరండాలోంచి ఒక గొంతు తేలి వచ్చింది. కట్టె కొట్టినట్టు స్పష్టంగా ఉంది. ఎటిమోనీ అందరి చేతా పెద్దాయన ఆరోగ్యం కోసం ప్రార్థన చేయిస్తున్నాడు. అరవై గొంతులు అతని వెనక పలుకుతున్నాయి.

"మంచి గొంతు వాడిది," అన్నాడు లెమానా.

ఇరవై ఆరేళ్లలో సెలోటి ఎవరికీ చెడ్డ కబురు చాటు నుంచి చెప్పలేదు.

"వలీసీ," అన్నాడు, "ఆ గుడ్డ తీసెయ్."